కరుణమ్మ గారి ఇల్లుబండి

మొన్న మధ్యాహ్నం మా వంటింట్లోంచి కుళ్ళిన ఉల్లిపాయల వాసన వచ్చింది. కోడలు కొత్త సిలిండరు బిగించిందట. ఆ వాసన పోవాలని ఫ్యాను వెయ్యడానికి గోడ మీది స్విచ్చి వైపు చెయ్యి చాపింది. "ముట్టుకోకు!" అని అరిచాను. నా గొంతు అంత పైకి లేచి ఎన్నేళ్ళయిందో, పిల్ల ఎక్కడిదక్కడే కొయ్యబారిపోయింది. రెగ్యులేటరు కట్టేయించి, తలుపులు బార్లా తీయించి, నేనేమో చేట పట్టుకుని నేల మీద చతికిలబడ్డాను. గచ్చుకి ఆనించి గుమ్మం వైపు విసరడం మొదలుపెట్టాను. "ఏంటత్తయ్యా, కనపడనిదాన్ని చేటతో చెరుగుతున్నారు?" అంది. గ్యాసు గాలికన్నా బరువు, పైకి పోదు, నీళ్ళలాగా నేలనంటుకుని మూలల్లో నిలుస్తుంది, దాన్ని తోస్తేనే గుమ్మం దాటుతుంది అని చెప్పాను. "ఇవన్నీ మీకెవరు చెప్పారు?" అని అడిగింది. చెప్పినావిణ్ణి మా కోడలు చూడలేదు, ఇది చదివేవాళ్ళూ చూసి ఉండరు. అందుకే రాస్తున్నాను.

ఆవిడ పేరు కరుణమ్మ గారు. చాలా ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి, రిటైరయ్యాక కూర్చుని తినడం చేతకాక, ఒక సేవాసంఘం వాళ్ళ బండిలో గోదారి మధ్య లంక ఊళ్ళ వెంట తిరిగి వైద్యం చేసేవారు. తొంభైల మధ్యలో నేను ఆవిడ దగ్గర ఆయాగా చేరాను. మాది మొగల్తూరు దగ్గర పల్లె. మా ఆయన పోయాక పిల్లలిద్దర్నీ నరసాపురం హాస్టల్లో వేసి, వంట పని ఎక్కడైనా దొరుకుతుందా అని చూస్తుంటే, చర్చికి వెళ్ళే మా ఎదురింటావిడ ఈ సంగతి చెవిన వేసింది. వెళ్ళి నిలబడ్డాను. కరుణమ్మ గారు నన్ను కింద నుంచి పైకి చూసి, "ఎంతవరకు చదివావు?" అన్నారు. "నాలుగండి." "గిన్నెలు తోమడం?" "అందులో నా మీద వంక పెట్టినవాళ్ళు లేరండి." "మాటలు ఎక్కువున్నాయే. రేపు పొద్దున్నే వచ్చెయ్" అన్నారు. ఇంటర్వ్యూ అంటే అంతే.

ఆ బండి సంగతి చెప్పాలి. ఎప్పుడో ఒక విదేశీ డాక్టరు గారు కుటుంబంతో దేశమంతా తిరగడానికి ఓడ మీద తెప్పించుకుని, తమ ఊరు వెళ్ళిపోతూ సంఘానికి వదిలేసిన బండి అది. బయటికి పొట్టి బస్సులా ఉంటుంది. లోపలికెక్కితే ఇల్లే. మడిచే మంచాలు, గ్యాసు పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, బ్యాటరీ దీపాలు, అన్నిటికీ మించి గ్యాసు మంట మీద నడిచే ఫ్రిజ్జి. వెనకాల చిన్న మంట వెలుగుతుంటే లోపల చల్లబడుతుంది. మంట పెడితే చల్లబడ్డమేంటో నాకు ఈనాటికీ పూర్తిగా తలకెక్కలేదు కానీ నా కళ్ళతో చూశాను కాబట్టి నమ్ముతాను. లంక జనం దాన్ని ఇల్లుబండి అనేవారు. కుక్కకాటు ఇంజక్షన్లు, పసిపిల్లల టీకాలు ఆ ఫ్రిజ్జిలోనే ఉండేవి. పంటు మీద గోదారి దాటించి, ఇసకలో దిగబడితే నెట్టించి, ఆ మందులు ఊళ్ళలోకి పట్టుకెళ్ళేవాళ్ళం. మేం వెళ్ళకపోతే తల్లులు చంటిపిల్లల్ని ఎత్తుకుని రేవు దాటి, బస్సు పట్టుకుని పోవాల్సిందే. అలా పోగలిగినవాళ్ళు ఎంతమంది?

నేను చేరిన కొత్తలోనే గ్యాసు పాఠం అయింది. ఫ్రిజ్జి మంట ఇంకా వెలిగించకముందు, కాఫీ పెడదామని బండెక్కి అగ్గిపెట్టె తీశాను. కింద గొడుగు వేసుకుని నిలబడ్డ ఆవిడ ముక్కు ఎగబీల్చి, "సూరమ్మా! ఆ పెట్టె బయటికి విసిరెయ్! నీ చీర నచ్చకపోతే మార్చుకో, తగలబెట్టుకోకు" అని కేకేశారు. సిలిండరు కట్టించి, కిటికీలు తీయించి, నా చేతికి చేట ఇచ్చి నేలంతా ఊడ్చినట్టు విసరమన్నారు. వాసన పూర్తిగా పోయాక, "కుంకుళ్ళున్నాయా?" అన్నారు.

"ఉన్నాయండి. ఆదివారం తలంటుకని దాచాను."

"ఈ వారం తలంటు బండికి."

కుంకుడు నురగ చిక్కగా తీయించి, సిలిండరు మూతి నుంచి పొయ్యి దాకా ప్రతి కీలుకీ పూయించారు. అప్పుడు సిలిండరు కొద్దిగా తిప్పి, "ఇప్పుడు చూడు. చూసింది చెప్పు" అన్నారు. నేను చూసి, "రబ్బరు పైపు పాడైపోయిందండి" అన్నాను. "నిన్ను పాడైందా అని అడిగానా? ఏం కనపడింది?" మళ్ళీ వంగి చూశాను. పైపు ఇనప గొట్టానికి తొడిగిన చోట నురగ ఉబ్బుతోంది, చిట్లుతోంది, మళ్ళీ ఉబ్బుతోంది. అదే చెప్పాను. "అద్గదీ. పైపు కాదు, క్లిప్పు వదులు" అని స్క్రూడ్రైవరు నా చేతికే ఇచ్చారు. బిగించాను. నురగ కదలకుండా కూర్చుంది. ఆవిడ ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో వార్డులో కొత్త నర్సులు పరుగెత్తుకుని వచ్చి, 'పేషెంటుకి ఇదైపోయిందండీ, అదైపోయిందండీ' అనేవారట. 'నీకు తోచింది తరవాత చెప్పు, ముందు చూసింది చెప్పు' అని ఆవిడ వాళ్ళని వెనక్కి పంపేవారట. మా ఇంట్లో ఎవరూ నన్ను ఏం కనపడిందని అడిగినవాళ్ళు లేరు. ఇది చెయ్యి, అది చెయ్యి అనేవాళ్ళే. అందుకో ఏమో, తిట్లు తింటూనే ఆ పని మీద నాకు ఆశ పుట్టింది.

డ్రైవరు సత్తిబాబు మంచివాడు, కానీ తొందర మనిషి. ఏది ఆగినా "మార్చేద్దామండి" అనేవాడు. ఒకసారి లంక గట్టు మీద బండి ఆపాక ఫ్రిజ్జి చల్లబడలేదు. "ఆయ్, గ్యాసు అయిపోయుంటదండి, సిలిండరు మార్చేద్దామండి" అన్నాడు. కరుణమ్మ గారు పళ్ళెంలో నీళ్ళు పోయించి ఫ్రిజ్జి అడుగున పెట్టించారు. నీళ్ళన్నీ ఒక పక్కకి చేరాయి. ఆ ఫ్రిజ్జి నేల మీద సమంగా నిలబడితేనే పని చేస్తుంది, ఒరిగితే అలుగుతుంది. "సత్తిబాబూ, సిలిండరు నిండుగా ఉంది, నీ గట్టే ఏటవాలుగా ఉంది. గోదారి గట్టు మార్చేస్తావా?" అన్నారు. అతను నవ్వుకుంటూ వెళ్ళి ఒక పక్క చక్రాల కింద ఇటుకలు పెట్టాడు. ఆ రోజు నుంచి బండి ఆగగానే పళ్ళెంలో నీళ్ళు పోసి చూడడం నా పనైపోయింది.

అలా కొన్నేళ్ళు నడిచాక కరుణమ్మ గారి కళ్ళకి పొర కమ్మింది. ముందు సూదిలో దారం ఎక్కించమని నాకిచ్చేవారు, తరవాత మందు సీసాలకంటించిన తెలుగు చీటీలు నన్ను కూడబలుక్కుని చదవమనేవారు. నా నాలుగో తరగతి అప్పుడు అక్కరకొచ్చింది. ఆపరేషను చేయించుకోండి అంటే, "వానలు తగ్గనీ, టీకాలు అవనీ" అని వాయిదా వేసేవారు. మనిషి గట్టిదే, భయమని ఒప్పుకోలేదు కానీ భయమే.

సరిగ్గా అప్పుడే ఫ్రిజ్జి మొండికేసింది. సమంగా నిలబెట్టినా, సిలిండరు నిండుగా ఉన్నా, లోపల కుండలో నీళ్ళంత చలవే తప్ప ఫ్రిజ్జి చలవ లేదు. సంఘం వాళ్ళ కాకినాడ ఆఫీసు నుంచి ఒక పెద్దాయన మందుల లెక్క చూడ్డానికి వచ్చి, లోపల చెయ్యి పెట్టి చూసి, చాలా మర్యాదగానే చెప్పారు. "సిస్టరు గారూ, చల్లదనం నిలవకపోతే మందు నీళ్ళయిపోతుంది. ఆ నీళ్ళు పొడిపించుకున్న పిల్లకి టీకా వేశామని తల్లి నిబ్బరంగా ఉంటుంది. అది ఇంకా ప్రమాదం కదండీ. వచ్చేవారం రావులపాలెం వస్తాను, థర్మామీటరు పెట్టి చూద్దాం. నిలిచిందా సరే. లేకపోతే మందులు పంపలేను, మందుల్లేని బండికి డీజిలు అడగలేను." ఆయన మాటలో తప్పు లేదు. అదే బాధ. తప్పుంటే కసిరి పంపేదాన్ని. బండి ఆగిపోతే నా హాస్టలు పిల్లల మాట అలా ఉంచి, రేవవతల ఎదురుచూసే చంటిపిల్లల తల్లులకి ఏమని చెప్పాలి?

రావులపాలెంలో అరటి మార్కెట్టుకి కాస్త ఎడంగా నీడ చూసి బండి పెట్టాం. గెలలు దింపే లారీల దగ్గర మెకానిక్కులు ఉన్నారు కానీ, లోపలికి తొంగి చూసి, "ఇది బండా, వంటిల్లా అండీ? ఇంజనైతే చెప్పండి, ఫ్రిజ్జిలు మావల్ల కాదు" అని నవ్వి పోయారు. వాళ్ళది వాళ్ళ పని, తప్పేముంది. కరుణమ్మ గారు బండి పక్కన స్టూలు వేయించుకుని కూర్చుని, "నా కళ్ళు పని చెయ్యవు. నీవి చేస్తాయి. ఎక్కు" అన్నారు.

"నావల్ల ఏమవుతుందండీ?"

"పొయ్యి దగ్గర పుట్టి పెరిగినదానివి, మంట చూడ్డం రాదా? వెనక పలక తీసి చూడు. ఒక్కసారికి ఒక్కటే ముట్టుకో. ముట్టుకున్నాక ఏం మారిందో నాకు చెప్పు. రెండు ఒక్కసారి మార్చావో, ఏది పని చేసిందో దేవుడికి కూడా తెలియదు."

పలక విప్పాను. మంట పచ్చగా, సోమరిగా ఊగుతోంది. పైన గొట్టానికి మసి. "పసుప్పచ్చగా ఉందండి, మన పొయ్యిలో మంటలా నీలంగా లేదు" అన్నాను. "అంటే?" "గాలి అందట్లేదేమో..." అని, నాలిక్కరుచుకుని, "అది నాకు తోచిందండి" అన్నాను. ఆవిడ నవ్వారు. "ఇప్పుడు తోచొచ్చు. చూశాక తోస్తే పరవాలేదు. గాలి ఎటు నుంచి వెళ్తుందో వెతుకు." సిలిండరు కట్టి, మంట చల్లారాక, గాలి పీల్చే గొట్టంలో సన్నటి పుల్ల పెట్టి చూస్తే గట్టిగా తగిలింది. గీకితే ఎర్రమట్టి రాలింది. కందిరీగ ఒకటి లోపల చక్కగా గూడు కట్టుకుంది. సత్తిబాబు చూసి, "అద్దె లేకుండా కాపరం పెట్టేసిందండి" అన్నాడు. గూడు తీసి, మసి తుడిచి, మంట వెలిగిస్తే నీలంగా, నిటారుగా నిలబడింది. నా ప్రాణం కూడా అలాగే నిలబడింది. ఇంక బండి బతికినట్టే అనుకున్నాను.

సాయంత్రానికి తలుపు తీసి చెయ్యి పెట్టాను. కాస్త మెరుగు. అంతే. మందుకి సరిపోయే చలవ కాదు. మెట్టు మీద కూలబడి, "అయిపోయిందండి, ఇంక దీనికి ఓపిక లేదు" అన్నాను.

"ఏది అయిపోయింది? మంట బాగైంది కదా. ఒక రోగం తగ్గితే ఇంకోటి లేదని రాసిచ్చారా నీకు? వెనక ఇంకేం ఉంది?"

"చిన్న ఫ్యానుందండి. వేడిని బయటికి తోసేది."

"తిరుగుతోందా?"

"తిరుగుతోందండి... కానీ రెక్కలు లెక్కపెట్టొచ్చు."

ఆవిడ "లోపల దీపం వెయ్యి" అన్నారు. వేశాను. "ఎలా ఉంది?" "ఎప్పట్లాగే మసగ్గా ఉందండి." ఆవిడ స్టూలు మీంచి లేచి నిలబడ్డారు. "ఎప్పట్లాగే అంటే? మసగ్గా నీకు కూడా కనపడుతోందా?"

"నాక్కూడానండి. సత్తిబాబు బల్బులు ముసలైపోయాయన్నాడు."

కరుణమ్మ గారు నోటికి చీర చెంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళు తెచ్చుకున్నారు. "దీపాలు మసకబారడం నాకు ఎన్నాళ్ళ నుంచో తెలుస్తోంది సూరమ్మా. నా కళ్ళే అనుకున్నాను. మిమ్మల్ని అడగడానికి సిగ్గేసింది. అందరి చేతా చూసింది చెప్పించేదాన్ని, నేను చూసింది మటుకు నోరు విప్పి చెప్పలేదు." అంతలోనే గొంతు మార్చి, "సత్తిబాబూ, టెస్టు ల్యాంపు పట్రా" అన్నారు.

టెస్టు ల్యాంపంటే పెద్దదేం కాదు, చిన్న బల్బుకి రెండు వైర్లు. బండికి రెండు బ్యాటరీలు, ఇంజనుకొకటి, ఇంటి భాగానికొకటి. ఇంజను చక్కగా స్టార్టవుతోంది కాబట్టి రెండో దాని మీద ఎవరికీ అనుమానం రాలేదు. దాని పెట్టె మూత తీశాను. ఆవిడ చెప్పినట్టు, బ్యాటరీ మీద పైకి పొడుచుకొచ్చే సీసం కొమ్ములకి వైర్లు ఆనించాను. బల్బు భగ్గున వెలిగింది. "మంచిది. బ్యాటరీలో సత్తువుంది. ఇప్పుడు ఒక వైరు అలాగే ఉంచి, రెండోది కొమ్ము మీంచి తీసి, ఆ కొమ్ముని పట్టుకున్న క్లాంపు మీద పెట్టు." పెట్టాను. బల్బు కునికింది. మళ్ళీ కొమ్ము మీద పెట్టాను, వెలిగింది. క్లాంపు మీద, కునికింది. రెండిటికీ మధ్య వెంట్రుకంత ఎడం కూడా లేదు. "వెలుగు కొమ్ము దాకా వచ్చి, క్లాంపులోకి దిగట్లేదండి" అన్నాను. "క్లాంపు విప్పి చూడు. ఏముంది?"

విప్పాను. లోపలంతా పచ్చగా, పొరలు పొరలుగా పెచ్చు కట్టి ఉంది. వాసన చూస్తే తెలిసిపోయింది. పసుపు. మధ్యమధ్య కుంకుమ ఎరుపు. ప్రతి విజయదశమికీ సత్తిబాబు బండికి పూజ చేసేవాడు. స్టీరింగుకి, చక్రాలకి, జాకీకి, స్పానర్లకి బొట్లు పెట్టేవాడు. కరెంటు అమ్మవారి స్వరూపమని ఈ దీపాల బ్యాటరీ క్లాంపు వదులు చేసి, కొమ్ముకి తడి పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఆ పైన బిగించేవాడు. ఏటికేడాది పొర మీద పొర పడి ఎండిపోయింది. పాపం అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అమ్మవారికి పెట్టిందండి... చెడుపు కోసం కాదండి... ఆయ్, ఇంకెప్పుడూ పూజ చెయ్యనండి" అన్నాడు.

కరుణమ్మ గారు ప్రార్థన చెయ్యందే బండెక్కని మనిషి. వాళ్ళ ఆచారంలో ఇవేవీ లేవు. ఇప్పుడేమంటారో అని నేను బిక్కచచ్చి నిలబడ్డాను. ఆవిడ చేత్తో తడుముకుంటూ వచ్చి బ్యాటరీ పెట్టె మూత పట్టుకున్నారు. "పూజ మానెయ్యమని ఎవరన్నారు నిన్ను? ఏ డ్రైవరు ఈ ముసలి బండిని ఇంత ప్రేమగా చూసుకుంటాడు? బొట్టు మొహానికి పెడతారు కానీ గొంతులో కుక్కుతారా? ఇదిగో, ఈ మూత మీద పెట్టుకో. ఎంత పెద్దదైనా పెట్టుకో" అన్నారు. సత్తిబాబు కళ్ళు తుడుచుకుని, "మూత మీదైతే ఇంకా నిండుగా ఉంటదండి" అన్నాడు. ఇద్దరు నమ్మకాల మనుషుల మధ్య తగువు రావాల్సిన చోట ఆవిడ బొట్టుకి చోటు చూపించారు. మనుషుల్ని సరిదిద్దడానికి వాళ్ళని చిన్నబుచ్చక్కర్లేదని నాకు ఆ పూట తెలిసింది. నేను కోడలిగా ఉన్నప్పుడు నాకెవరూ అలా చెప్పలేదు, నా కోడలికి అలా చెప్పాలని చూస్తాను. అన్నిసార్లూ కుదరదు.

పెచ్చు వదలడానికి చింతపండు వేసి తోముదామన్నాను, ఇత్తడి బిందెలకి అదే కదా. "అసలే బ్యాటరీలో ఉన్నదే పులుపు, ఇంకా పులుపు పోస్తావా? వంటసోడా తే" అన్నారు. వేడినీళ్ళలో సోడా కలిపి, పెట్టెలోకి చుక్క పోకుండా గుడ్డతో తుడిచి, కొమ్ములు మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, బిగించి, పైన వేజలీను రాశాను. దీపం వేస్తే బండి లోపల పెళ్ళిపందిరిలా అయింది. వెనక ఫ్యాను రెక్కలు కనపడకుండా రయ్యిమంది. తెల్లారి ఫ్రిజ్జి తలుపు తీస్తే చల్లటి ఆవిరి ముఖానికి కొట్టింది. కరుణమ్మ గారు రెండు చేతులూ లోపల పెట్టుకుని, చలికాచుకునేవాళ్ళలా, చాలాసేపు తీయలేదు.

కాకినాడ పెద్దాయన వచ్చారు. థర్మామీటరు లోపల పెట్టి, తలుపు వేసి, చెట్టు నీడలో కూర్చుని మా కాఫీ తాగారు. ఆయన వాచీ చూసుకున్నప్పుడల్లా సత్తిబాబు బ్యాటరీ పెట్టె వైపు దండం పెడుతున్నాడు. చివరికి తలుపు తీసి, థర్మామీటరు వెలుగులో పట్టుకుని చూసి, నవ్వి, "జీపులో ఐసు పెట్టె తెచ్చానండి. పని చెయ్యకపోతే అలాగే వెనక్కి పట్టుకుపోదామనుకున్నాను. కొత్త మందులే పెట్టుకొచ్చాన్లెండి, ఉత్త చేతుల్తో రావడానికి మనసొప్పక. దింపించుకోండి" అన్నారు. ఆ సీసాలు ఒక్కొక్కటే ఫ్రిజ్జిలో సర్దాను. మర్నాడే పంటెక్కి లంకలోకి వెళ్ళాం. తల్లులు వరసలో కూర్చున్నారు, పిల్లలు గుక్కపట్టి ఏడ్చారు. ఆ ఏడుపు అంత తియ్యగా ఎప్పుడూ వినలేదు.

తరవాత ఆవిడ ఇంక వాయిదా వెయ్యకుండా కళ్ళ ఆపరేషను చేయించుకున్నారు. ఆవిడ లేని రోజుల్లో బండిలో ఏది మొరాయించినా నేనే చూశాను. నల్లద్దాలు తీసేసి కొత్త కళ్ళజోడుతో వచ్చినరోజు, మంచినీళ్ళు కూడా తాగకుండా బండెక్కారు. పొయ్యి, పైపులు, దీపాలు, బ్యాటరీ, ఒక్కటీ వదలకుండా చూశారు. నేను మెచ్చుకుంటారని పక్కనే నిలబడ్డాను. ఫ్యాను వైరు దగ్గర ఆగారు. అక్కడ తొడుగు చిట్లితే ఈ మధ్యే నేను నల్ల టేపు చుట్టాను. వేలితో తడిమి, కళ్ళజోడు సవరించుకుని, "పనంతా శుభ్రంగా చేశావు. ఈ టేపేంటి, మీ పుట్టింటి నుంచి తెచ్చావా? ఒక్క చుట్టుతో సరిపెట్టావు. బండి కుదుపుకి రేపు ఊడుతుంది. ఇంకో చుట్టు వెయ్యి, పిసినారిదానా" అన్నారు. అని, టేపు చుట్ట నా చేతిలో పెట్టి, నేను చుడుతున్నంతసేపూ వైరుని తనే కదలకుండా పట్టుకున్నారు.

లంకలకి రోడ్లు పడ్డాయి, ఊళ్ళో ఆసుపత్రి వచ్చింది, అవసరం తీరి బండి ఆగింది. కరుణమ్మ గారు పోయి కూడా చాన్నాళ్ళయింది. నేను ఇంట్లో సబ్బు ముక్క అరిగేదాకా వాడతాను, అగ్గిపుల్ల ఒకటి ఎక్కువ గీస్తే ఊరుకోను, నా పొదుపు చూసి మనవలు నవ్వుకుంటారు. కానీ చిట్లిన పైపుకి గుడ్డ కట్టినా, పిల్లల దెబ్బకి పట్టీ వేసినా, ఊరెళ్ళేవాళ్ళ పచ్చడి జాడీ మూతికి వాసెన కట్టినా, చాలు అనిపించిన చోట ఆగను. ఇంకో చుట్టు వేస్తాను. అది దండగేనేమో. ఆ ఒక్క దండగ మటుకు నేను లెక్క చూసుకోను.